ఆంగ్లేయుల కత్తిసాము, మన గరిడీ



బెలుం గుహలు చూడవచ్చు యాత్రికులు కోయిలకుంట్లను తలపరు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కట్టుబడి బంట్లతో అచ్చటి ఖజానాపై పడెను. కట్టుబడులనగా ఈనాము భూములనుభవించుచు ఆయుధము పట్టి గ్రామము కాచువారు. కుంపిణీవారు ఆ ఈనాములను లాగుకొనుట ఆ తిరుగుబాటునకు ఒక ముఖ్యకారణము. మరుసటి యేడు రెడ్డిగారిని ఉరితీసిరి. ఈనాముల లెక్క దస్త్రములకెక్కినది. ఆ బంట్ల కత్తిసామును గ్రంథస్థము చేసినవారు కానరారు.

దొరల దేశమున అట్లు కాలేదు. 1540లో ఎనిమిదవ హెన్రీ రాజు లండను కత్తిసాము గురువులకు సన్నదు నిచ్చెను. శిష్యుడు పదిమంది యెదుట సాముచేసి మెట్టుమెట్టుగ పైకి రావలెను. 1599లో జార్జి సిల్వరను పెద్దమనిషి ఒక గ్రంథము నచ్చువేయించెను. ఇటలీ గురువులు పొడవైన సన్నకత్తితో పోటునే ప్రధానముగ నేర్పుచుండిరి. సిల్వరునకది గిట్టదు, వ్రేటును పోటును రెండును వలయుననెను. ఎత్తైన వేదికపై తలపడుదము రండు, వెనుకడుగు వేసినవాడు పడి మెడ విరుగగొట్టుకొనునని ఇద్దరు ఇటలీ గురువులను పిలిచెనట, వారు రాలేదట. ఒక పక్షపు వాఙ్మూలముతో తగవు తీరదు సుమా!

ఆయన సూత్రము చిన్నది: చేయి ముందు, అడుగు తరువాత. చేయి వేగము, పాదము మందము. పాదము ముందు కదలెనా, వైరి కనిపెట్టును. దెబ్బ చేరునప్పటికి వాడు సిద్ధముగ నుండును. మనకు కర్రసామువలెనే వారికిని అభ్యాసమునకు బుట్టపిడి కర్ర యుండెను.

సాధన తెలుపు ఆయన రెండవ పుస్తకము వ్రాతప్రతిగనే పడియుండి 1898లో అచ్చయ్యెను. నేడు పడమటి యువకులు ఆ పుటలు ముందుంచుకొని అడుగులు నేర్చుచున్నారు. అది ముమ్మూర్తుల పాతవిద్యయేనా యన్న సంశయము లేకపోలేదు. ఐనను తర్కించుటకు పాఠమున్నది.

ఇచ్చట 1878 ఆయుధముల చట్టముతో కత్తికి లైసెన్సు వలసివచ్చెను, కర్ర మిగిలెను. పీర్లపండుగనాడు కర్ర త్రిప్పు ముదుసలి వస్తాదులు పల్లెలలో ఇంకను కలరు. ఏ కాలు ముందో, ఏ చేయి పైనో, ఏ దెబ్బకేమి పేరో వారి నోట విని వ్రాసిన నోటుపుస్తకము ఈ గ్రంథాలయపు బీరువాలో లేదు. వేసవి సెలవులలో ఇద్దరు బాలురు చేయగల పని యిది. కాగితములు గ్రంథాలయమువారే యిచ్చునట్లు ఈ సభయందే తీర్మానింప ప్రార్థన.