చంటిబిడ్డ పాలకు కూలి ఎవరిస్తారు?

(పేటలో జరిగిన తల్లుల సమావేశంలో ఒక పంతులమ్మ చేసిన ప్రసంగ పాఠం)



అన్నలు కాస్త ముందుకు రండి. చంటిపిల్లల మీటింగంటే ఆడవాళ్ళ మీటింగనుకుని దూరంగా కూర్చున్నారు. ఇవాళ చెప్పేదాంట్లో సగం మీకే.

తల్లిపాలు శ్రేష్ఠం అని రాయని ఆస్పత్రి గోడ లేదు. ఆ బొమ్మలో తల్లి ఇస్త్రీ చీర కట్టుకుని, కుర్చీలో కూర్చుని, నవ్వుతూ బిడ్డకు పాలిస్తుంటుంది. ఆ తల్లి మిరపకోతకు పోదు. తెల్లారి ఐదింటికి ఆటో ఎక్కదు. మన తల్లులకు తెలివిలేక బిడ్డలు చిక్కిపోతున్నారని చెప్పేవాళ్ళంతా ఆ బొమ్మను చూసి మాట్లాడేవాళ్ళే. మనం తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, కాదనను. అవి చెబుతాను. తెలిసినా చేయలేకపోతున్నవి కూడా ఉన్నాయి. వాటి సంగతి ఎవరూ మాట్లాడరు, కాబట్టి మనమే మాట్లాడుకోవాలి.

ముందు ఒక లెక్క వినండి. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎస్సీ ఇళ్ళల్లో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డల్లో 45 మంది ఏడాది నిండకుండానే పోయారని తేలింది. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని ఇళ్ళల్లో ఆ లెక్క 32. వెయ్యికి పదమూడుమంది తేడా. విరేచనాలతో పోయాడు, నిమోనియాతో పోయాడు, బరువు తక్కువై పోయాడు అని డాక్టరు కాగితం మీద రాస్తాడు. ఏ వాడలో పుట్టాడో, వాళ్ళమ్మ ఎన్నో నెలలో కలుపుకు పోయిందో ఆ కాగితంలో గడి ఉండదు.

సరే, పురుడు దగ్గర నుంచి వద్దాం. పుట్టిన గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టించాలి. మొదటి రెండు మూడు రోజులు పచ్చగా చిక్కగా వచ్చే ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. గేదె ఈనితే ఏం చేస్తాం? జున్నుకు కొంత తీసుకున్నా దూడకు వదలకుండా ఉంటామా? ముర్రుపాలు తాగని దూడ దక్కదని మనకు తెలుసు. దూడకు తెలిసిన వైద్యం మన బిడ్డకు ఎందుకు వద్దు? బిడ్డకు జబ్బుల్ని తట్టుకునే శక్తి మొదట వచ్చేది ఆ పాలతోనే.

ఇక తేనె నాకించడం, చక్కెర నీళ్ళు, ఆముదం ఉగ్గు, వసకొమ్మ అరగదీసి పోయడం. ఆరు నెలలు నిండేదాకా ఇవేవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిబిడ్డ పేగుల్లో విషం పుట్టించగలదు. బలవంతంగా ఆముదం పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. ముక్కులో నూనె చుక్కలు వేయడం కూడా అంతే. మంచినీళ్ళు సైతం అక్కర్లేదు. రోహిణి ఎండల్లో కూడానా అంటారు. అవును, పాలల్లో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీళ్ళే కదా. దాహమైతే ఇంకోసారి పాలు. బొడ్డు మీద పసుపు, బూడిద ఏమీ వేయొద్దు, పొడిగా ఉంచితే అదే రాలిపోతుంది. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరికి మంచిది కాదు. అన్నల బీడీ పొగ కూడా మంచిది కాదు, అది పథ్యాల జాబితాలో ఎవరూ చెప్పరు గనక నేను చెబుతున్నా.

బరువు రెండున్నర కిలోల కంటే తక్కువ పుట్టిన బిడ్డకు వెచ్చదనం ప్రాణం. గుడ్డల్లో మూటగట్టడం కంటే, ఒంటికి ఒళ్ళు తగిలేలా రొమ్ముల మధ్య పడుకోబెట్టి పైన చీర చుట్టుకోవడం మేలు. తల్లి అలిసిపోతే తండ్రి చొక్కా విప్పి రొమ్మున కట్టుకోవచ్చు. తండ్రి ఒళ్ళు కూడా తల్లి ఒంటిలా వెచ్చగానే ఉంటుంది. ఇందులో సిగ్గుపడేదేముంది?

బాలింత పథ్యం గురించి ఒక్కమాట. కారప్పొడి, ఎండు అన్నం, గొంతు తడుపుకోవడానికి గుక్కెడు నీళ్ళు. ఇదే పెట్టి పాలు పడలేదంటే ఎట్లా పడతాయి? బాలింత దాహమైనన్ని నీళ్ళు తాగాలి, పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం తినాలి. మన వాడల నుంచి మంత్రసానులుగా పోయి ఊళ్ళో పెద్దకులాల పురుళ్ళు పోసిన అవ్వలున్నారు. చేతిలో బిడ్డను పట్టుకున్నంతసేపు మైల లేదు, పట్టి ఇచ్చాక గడప అవతలే. ఆ అవ్వల చేతి నేర్పుకు నేను దండం పెడతా. అయితే పథ్యం మాత్రం ఆ పెద్దింటి నుంచి అరువు తెచ్చుకున్నదని నా అనుమానం. అక్కడ మూడు నెలలు మంచం దిగని బాలింతకు అది సరిపోయిందేమో. మూడోనెల్లో పొలంలో ఉండే మనకు సరిపోదు.

అసలు సంగతి ఇప్పుడు వస్తోంది.

ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దని డాక్టర్లు, ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి అందరూ చెబుతారు. ఆరు నెలలంటే 180 రోజులు. నేను ప్రభుత్వ టీచర్ని. మాకు ప్రసూతి సెలవు ఎన్ని రోజులో తెలుసా? సరిగ్గా 180 రోజులు, జీతంతో. అంటే బిడ్డకు ఆరు నెలల పాలు కావాలంటే తల్లి ఇంట్లో ఉండాలని, ఆ రోజులకు జీతం ఇవ్వాలని సర్కారుకు తెలుసు. కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు 1961 చట్టాన్ని 2017లో సవరించి 26 వారాలు చేశారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే మొదలు. అందుకని నా బిడ్డలకు పాలు దక్కాయి. నాతోపాటు ఇదే పేటలో పుట్టి, నాతోపాటు కోతలకు వచ్చినవాళ్ళు మూడోనెలలో మళ్ళీ చేలో ఉన్నారు. నా పాలకు జీతం ఉంది, వాళ్ళ పాలకు లేదు. పాలల్లో తేడా ఉందా?

2013 ఆహార భద్రత చట్టంలో, ప్రతి గర్భిణికీ బాలింతకూ ఆరువేల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని రాశారు. ప్రతి అని రాశారు, గుర్తుపెట్టుకోండి. 2017లో మాతృవందన పథకం వచ్చేసరికి అది మొదటి బిడ్డకు ఐదువేలైంది. రెండోకాన్పులో ఆడపిల్ల పుడితే ఆరువేలని 2022లో కలిపారు. పోనీ ఆరువేలే అనుకోండి, 180 రోజులకు పంచితే రోజుకు ముప్పైమూడు రూపాయలు. ఆ డబ్బు వదులుకోమని అనడం లేదు. గర్భం నిలిచిందని తెలియగానే అంగన్‌వాడీలో పేరు రాయించండి, ఆధారు, బ్యాంకు ఖాతా సరిచూసుకోండి, ఒక్క రూపాయి కూడా పోనివ్వొద్దు. కానీ ముప్పైమూడు రూపాయలకు ఏ తల్లీ కూలి మానుకోలేదని కూడా అడిగేచోట అడగాలి. 1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ ఆడవాళ్ళ ప్రసూతి బిల్లు వచ్చినప్పుడు అంబేడ్కర్ లేచి దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలు, కాబట్టి ఆ ఖర్చు ప్రభుత్వం కూడా మోయాలి అన్నది ఆయన వాదన. పొలంలో వంగి పనిచేసే తల్లి దగ్గరకు ఆ వాదన ఇంకా పూర్తిగా చేరలేదు.

అది తేలేదాకా బిడ్డ ఆగడు కదా. అందుకని చేయగలిగినవి చెబుతాను. పనికి పోయేముందు పాలు చేత్తో పిండి పెట్టొచ్చు. సబ్బుతో చేతులు కడుక్కోండి. స్టీలు గిన్నె ఉడికించి ఆరబెట్టుకోండి. రొమ్మును నిదానంగా నొక్కుతూ అందులోకి పిండి మూత పెట్టి, నీళ్ళ కుండ పక్కన చల్లటిచోట పెట్టండి. నాలుగు గంటల్లోపు తాగించేయాలి, ఎండాకాలం ఇంకా ముందే. కాచొద్దు. అవ్వ అయినా, తండ్రి అయినా ఉగ్గుగిన్నెతో, చెంచాతో పట్టాలి. మన ఉగ్గుగిన్నె ఎంత మంచి వస్తువో చూడండి, కడగడం తేలిక. పాలసీసా పీక సందుల్లో పాచి నిలిచి విరేచనాలు తెస్తుంది. రాత్రిపూట ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు పాలివ్వండి, పగటి లోటు కొంత తీరుతుంది, పాలు ఎండిపోవు.

డబ్బాపాలు ఖరీదు గనక మూడు చెంచాలు వేయాల్సినచోట ఒకటి వేసి నీళ్ళు పోస్తారు. బిడ్డ కడుపు నిండుతుంది, ఒళ్ళు నిండదు. ఏ డాక్టరైనా, దుకాణంవాడైనా ఫలానా డబ్బా కొనండని ఊరికే ప్యాకెట్టు చేతిలో పెడితే, అది 1992 చట్టం ప్రకారం నేరమని చెప్పండి.

బిడ్డను చేలోకి తీసుకుపోతే మందు కొట్టిన మడి పక్కన ఉయ్యాల కట్టొద్దు. పత్తిలో, మిరపలో పనిచేసి వచ్చి అదే జాకెట్టుతో పాలివ్వొద్దు. చేతులు, రొమ్ము కడుక్కుని, పై బట్ట మార్చుకుని ఇవ్వండి. 2005 ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్ళను చూడటానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. నేను చూసిన పనుల్లో ఎక్కడా ఆ మనిషి కనిపించలేదు. అడిగినవాళ్ళూ కనిపించలేదు. కూలి ముఠాలో కూడా ఇది పెట్టుకోవచ్చు. పదిమంది పోతే ఒకరు చెట్టుకింద పిల్లల దగ్గర ఉండాలి, ఆమెకు అందరితో సమానంగా కూలి. మేస్త్రి ఒప్పుకోకపోతే పదిమందీ ఆటో దిగండి.

ఆరు నెలలు నిండాక పాలొక్కటే చాలవు, తిండి మొదలుపెట్టాలి. మెత్తగా మెదిపిన పప్పన్నం, దానిమీద చెంచా నూనె, రాగిజావ, ఉడికించిన గుడ్డు, అరటిపండు. రోజుకు రెండు మూడుసార్లతో మొదలుపెట్టి, తొమ్మిది నెలలకు మూడు నాలుగుసార్లకు పెంచండి. పాలు మానొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రక్తం పట్టే తిండి కావాలి. దానికి కార్జాన్ని, మాంసాన్ని మించినవి తక్కువ. బాగా ఉడికించి మెత్తగా నూరి అన్నంలో కలిపి పెట్టండి. మన ఇళ్ళల్లో వండే మాంసాన్ని చూపి మనల్ని నీచంగా మాట్లాడినవాళ్ళున్నారు. పిల్లకు పెట్టేటప్పుడు ఆ మాటలు తలుచుకుని వెనక్కి తగ్గొద్దు. అంగన్‌వాడీ ఇచ్చే నెలకు 2.5 కిలోల బాలామృతం ఆ బిడ్డది, ఇంటిల్లిపాది పంచుకునేది కాదు. పుట్టిన బరువు ఐదారు నెలలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు కావాలి. కాలేదంటే దిష్టి తీసి ఊరుకోవద్దు.

విరేచనాలైతే పాలు ఆపకండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి చెంచాతో పట్టండి. జింకు మాత్ర పద్నాలుగు రోజులు, ఆరు నెలలు దాటితే ఒకటి, లోపయితే సగం. మాడు గుంటపడినా, కళ్ళు లోతుకు పోయినా, ఉచ్చ తగ్గినా ఆస్పత్రికి. దగ్గులో డొక్కలెగరేస్తుంటే బొడ్డు మీద చూపుపెట్టి గడియారంలో నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఆపైన ఏడాది లోపు బిడ్డకు 50 ఊపిర్లు దాటినా, డొక్కలు లోపలికి పోతున్నా వాతలు పెట్టించడానికి పోవద్దు, 108కి ఫోను చేయండి.

టీకాలు పుట్టగానే ఒకసారి, తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు. తొమ్మిది నెలలు నిండాక తట్టుకు వేసేది చాలామంది వదిలేస్తారు, అప్పటికి కోతలకు వలసపోయి ఉంటారు గనక. కార్డు మూటలో పెట్టుకుపోండి, ఏ ఊళ్ళోనైనా వేస్తారు. ఆశా కార్యకర్త పురుడైన మూడోరోజు నుంచి నలభైరెండో రోజు దాకా ఆరుసార్లు ఇంటికి రావాలి, వీధి మొగదల నిలబడి కేకేసి పోవడం కాదు. ఆమె కూడా చాలీచాలని డబ్బుతో పనిచేసే మనిషే, ఇంట్లోకి పిలిచి నీళ్ళిచ్చి కూర్చోబెట్టండి.

బళ్ళో నా దగ్గరున్న పాత రిజిస్టర్లలో మన పిల్లల్లో సగంమంది జూన్‌లోనే పుట్టారు. పంతుళ్ళు రాసిన పుట్టినరోజులవి. ఇప్పుడట్లా కుదరదు. 2023 అక్టోబరు తర్వాత పుట్టిన పిల్లలకు బళ్ళో చేర్చడానికి జనన ధ్రువపత్రమే ఆధారం. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించండి. పేరు అప్పటికి అనుకోకపోతే ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు. పేరు మంచిది పెట్టండి, పిలిచేవాడు నోరారా పిలవాల్సిన పేరు.

ఆఖరుగా అంగన్‌వాడీ. మన పేట పిల్లలు రోడ్డు దాటి ఊళ్ళోకి పోవాల్సి వస్తోంది, చంకన బిడ్డతో బాలింత అంతదూరం పోయి గుడ్డు తెచ్చుకోవాల్సి వస్తోంది. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేకపోతే, వాడవాళ్ళు అడిగిన మూడు నెలల్లోగా పెట్టాలని, ఎస్సీ ఎస్టీ వాడలకు ముందు ఇవ్వాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. అర్జీ రాసి తెచ్చాను. దానికి జతపెట్టడానికి మన లెక్క కావాలి. ఆదివారం పొద్దున మన సంఘం కుర్రాళ్ళు తక్కెడ పట్టుకుని ఇంటింటికీ వస్తారు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బరువు, టీకా కార్డు, ఈ నాలుగూ రాసుకుంటారు. కార్డులు ట్రంకుపెట్టె అడుగున ఉంటే శనివారమే తీసి పెట్టుకోండి.