కావలి లేని విడిది

అడవిలో ఒక రాత్రి గడపడానికి ఎంత సొమ్ము కావాలి? అమెరికా దేశంలో అనేక చోట్ల ఈ ప్రశ్నకు సమాధానం ఒక్కటే: ఏమీ అక్కరలేదు. రుసుము లేదు, ముందుగా పేరు నమోదు చేసుకోవడం లేదు, వచ్చి అడిగేవారూ లేరు. అటువంటి చోట ఒక వేసవిలో మా అబ్బాయి కుటుంబంతో రెండు రాత్రులు గడిపాను. ఆ విడిదిని గురించీ, అక్కడ నేను చేయబోయిన ఒక పొరపాటును గురించీ ఈవేళ మీతో ముచ్చటిస్తాను.

ముందుగా ఆ అడవుల సంగతి. అమెరికాలో జాతీయోద్యానాలు వేరు, జాతీయ అరణ్యాలు వేరు. ఉద్యానాలు ఆంతరంగిక వ్యవహారాల శాఖ అధీనంలో ఉన్నవి. ప్రకృతిని చెక్కుచెదరకుండా కాపాడి ప్రజలకు చూపడం వాటి ధ్యేయం. అరణ్యాలను వ్యవసాయశాఖలో 1905లో ఏర్పడిన అటవీసేవా సంస్థ పాలిస్తున్నది. కలప, పశువుల మేత, నీటివనరుల రక్షణ, వేట, విహారం — ఇన్ని ప్రయోజనాలకూ ఆ భూములు ఉపకరిస్తాయి. ఇటువంటి అరణ్యాలు 154 ఉన్నవి. పచ్చికబీళ్లతో కలిపి ఆ సంస్థ పాలనలోని భూమి సుమారు 19 కోట్ల 30 లక్షల ఎకరాలు. అది ప్రజల ఆస్తి. కనుక నిషేధం లేని చోట ఎవరైనా గుడారం వేసుకొనవచ్చును. అయితే చాలా అరణ్యాలలో 14 రోజులు దాటి ఒకేచోట ఉండరాదు.

మేము వెళ్లిన విడిది కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాలలో, దాదాపు 8,500 అడుగుల ఎత్తున ఉన్నది. తారురోడ్డు విడిచి మట్టిబాట వెంట కొంతదూరం పోగా, పాండరోసా పైన్ చెట్ల నడుమ చదునైన నేల కనబడింది. అక్కడ రాళ్లు గుండ్రంగా పేర్చిన నెగడు గుంట ఒకటి ఉన్నది. అంతే. కుళాయి లేదు, దీపం లేదు, మరుగుదొడ్డి లేదు. ఎండకు కాగిన ఆ చెట్ల బెరడు వాసన చూస్తే మాత్రం వెనిలా పరిమళం తోచింది.

ఏమీ లేని చోట అన్నీ మనమే చూసుకొనాలి. వాగునీరు ఎంత తేటగా ఉన్నా కంటికి కనబడని క్రిములు అందులో ఉండవచ్చు. అంత ఎత్తున మూడు నిమిషాలైనా తెర్లనిచ్చిన తరువాతనే త్రాగాలి. గుడారాన్ని వాగుకు 200 అడుగుల ఎడంగా వేయాలి. కాలకృత్యాలకు కూడా అంత దూరం పోయి, ఆరు నుండి ఎనిమిది అంగుళాల లోతు గుంట త్రవ్వి, పని ముగిసిన తరువాత పూడ్చివేయాలి. తినుబండారాలే కాదు, సబ్బు సైతం గుడారంలో ఉంచరాదు. ఆ వాసనకు నల్ల ఎలుగుబంట్లు వస్తాయి. మా కోడలు అన్నిటినీ కారులో పెట్టి తాళం వేసింది.

వంటచెరకును దూరప్రాంతాల నుండి తీసుకొనిపోరాదన్నది మరొక నియమం. మరకతవర్ణపు పెంకుపురుగు ఒకటి 2002లో మిషిగన్ రాష్ట్రంలో కనబడింది. అది కోట్ల సంఖ్యలో యాష్ చెట్లను చంపివేసింది. దానిని ఊరూరికీ చేరవేసిన సాధనాలలో ప్రయాణికులు మోసుకొనిపోయిన కట్టెలు కూడా ఉన్నవి.

మొదటి రాత్రి అన్నం వండుకొన్నాము. ఎత్తుకు పోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీరు తక్కువ వేడికే మరుగుతుంది. అక్కడ సుమారు 91 డిగ్రీల సెంటీగ్రేడుకే తెర్లడం మొదలవుతుంది. కనుక ఇంట్లో పట్టేంత సమయం గడిచినా అన్నం పలుకుగానే ఉన్నది. నెగడు చుట్టూ కూర్చుండి, ఆ పలుకన్నమే ఆవకాయతో కలుపుకొని తిన్నాము.

ఆ నెగడుకు కట్టెలు మేము ఏరినవి కావు. మాకు ముందు వచ్చినవారు ఎవరో ఎండుకట్టెలను చెట్టు మొదట పేర్చి వెళ్లారు. వారెవరో మాకు తెలియదు, మేమెవరమో వారికి తెలియదు. అయితే రాళ్ల సందున పగిలిన సీసా ఒకటి కూడా ఉన్నది. దానిని విడిచిపోయినవారూ ఎవరో తెలియదు. చూచేవారు లేనప్పుడు మనిషి ఈ రెండు విధాలుగానూ ఉండగలడు.

మూడవనాటి ఉదయం బయలుదేరే వేళకు నెగడు గుంటలో తెల్లని బూడిద తప్ప ఏమీ కనబడలేదు. పొగ లేదు, వెలుగు లేదు.

"ఆరిపోయింది, ఇక పదండి" అన్నాను.

పదేళ్ల మా మనుమడు వంగి, చేతి వెనుకభాగాన్ని బూడిదకు కొంచెం ఎత్తున ఉంచి చూచాడు.

"తాతయ్యా, ఇంకా వేడిగానే ఉంది" అన్నాడు.

నీరు పోయాలి, కలియబెట్టాలి, మరల పోయాలి, చేతితో చూడాలి — ఇది వాడు బడిలో నేర్చిన పాఠం. మా అబ్బాయి బకెట్టు నీరు పోయగానే గుంట బుసకొట్టింది. పారతో కలియబెడితే అడుగున ఎర్రని కణికలు బయటపడినవి. మూడు బకెట్లు పోసిన తరువాత గాని వేడి తగ్గలేదు. నివురు గప్పిన నిప్పు అన్న మాటను చిన్ననాటి నుండీ వాడుతూనే ఉన్నాను. దాని అర్థం డెబ్బయ్యవ ఏట ఒక పసివాడు నాకు చూపించాడు.

అప్పుడు మా అబ్బాయి అదే రాష్ట్రంలో జరిగిన ఒక దుర్ఘటన చెప్పాడు. 2002 జూన్‌లో, అనావృష్టి వల్ల మంటలు నిషేధించిన రోజులలో, పైక్ జాతీయ అరణ్యంలోని ఒక విడిదిలో రాళ్ల నడుమ చిన్న నిప్పు రాజుకొన్నది. హేమన్ దావానలమని పేరుపడిన ఆ మంట సుమారు 1,38,000 ఎకరాల అడవిని దహించింది. 133 ఇళ్లు బూడిదైనవి. డెన్వర్ నగరానికి నీరిచ్చే చీజ్‌మన్ జలాశయం చుట్టూ ఉన్న కొండలు కాలిపోగా, తరువాతి వానలకు బూడిదా మట్టీ కొట్టుకొని వచ్చినవి. తీవ్రంగా కాలిన చోట్ల అనేక భాగాలలో పైన్ వనం నేటికీ తిరిగి లేవలేదు. ఆ నిప్పు పెట్టినది అటవీసేవా సంస్థ ఉద్యోగినియే. నిషేధం అమలవుతున్నదా లేదా అని చూడవలసిన బాధ్యత ఆమెది!

కనుక కావలివారు ఉంటే అడవి నిలుస్తుందని, లేకపోతే నశిస్తుందని చెప్పడానికి వీలులేదు. అడవి నిలిచేది అక్కడ రాత్రి గడిపినవారు ఉదయాన చేసే చిన్న పనుల వల్ల.

కార్తీకమాసంలో మనమూ వనభోజనాలకు పోతాము. ఉసిరిచెట్టు క్రింద పొయ్యి పెట్టి వండుకొంటాము. దానికీ రుసుము లేదు, కావలి లేదు. ఈసారి తిరుగుముఖం పట్టేముందు ఆ పొయ్యి బూడిదపైన ఒకమారు చేయి ఉంచి చూడండి. వేడి తగిలితే ఇంకొక బిందె నీరు పోయండి.

మేము బయలుదేరేముందు, వాడుకొన్నన్ని ఎండుకట్టెలను ఏరి, మరల ఆ చెట్టు మొదటనే పేర్చాము. పగిలిన సీసా ముక్కలను మా కోడలు పాత గుడ్డలో మూటకట్టి కారులో పెట్టింది.