పచ్చికబయలుకు ఏ గడ్డి వేయాలి?



భిలాయి అనగానే మనకు గుర్తుకు వచ్చేది 1959లో ఉత్పత్తి ప్రారంభించిన ఉక్కు కర్మాగారం. అయితే టౌన్‌షిప్ దాటి ధమ్‌ధా వైపు గానీ పాటన్ వైపు గానీ వెళితే కనిపించేవి వరి పొలాలు, పశువులు. వేసవి వచ్చేసరికి ఆ పశువులకు మిగిలేది చాలావరకు వరిగడ్డే. అందులో ముడి మాంసకృత్తులు 3, 4 శాతమే. పాలిచ్చే ఆవుకు అది చాలదు. కాబట్టి పాడుబడిన పచ్చికబయలును మళ్లీ దున్ని గడ్డి పెంచదలచుకుంటే ఏ రకాన్ని ఎంచుకోవాలి అన్నదే ఈనాటి పాఠ్యాంశం.

ముందుగా మన ప్రాంతానికి పనికిరాని ఒక గడ్డి గురించి చెబుతాను. మనం నేర్చుకోవలసింది దాని చరిత్రలోనే ఉంది.

1931లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఫెర్గస్ అనే ఆచార్యుడు ఒక కొండవాలు పొలంలో ఏపుగా పెరుగుతున్న ఫెస్క్యూ గడ్డిని చూసి విత్తనం సేకరించాడు. 1943లో అది 'కెంటకీ 31' పేరుతో విడుదలైంది. కరువును, పశువుల తొక్కిడిని తట్టుకుని విస్తారంగా వ్యాపించింది. కానీ దాన్ని మేసిన పశువులు ఎండాకాలంలో రొప్పేవి, బరువు పెరిగేవి కావు, పాలు తగ్గేవి. చలికాలంలో కొన్నింటికి గిట్టలు ఊడేవి. కారణం 1970లలో గానీ బయటపడలేదు. గడ్డి కణాల నడుమ కంటికి కనిపించని ఒక శిలీంధ్రం నివసిస్తోంది. అది తయారుచేసే ఎర్గోవాలిన్ అనే ఆల్కలాయిడ్ రక్తనాళాలను కుదించివేస్తుంది. దాంతో ఒంటి వేడి బయటికి పోదు.

సరే, శిలీంధ్రం లేని విత్తనం చల్లారు. పశువులు కోలుకున్నాయి, కానీ గడ్డి నిలవలేదు! కరువును తట్టుకునే శక్తిలో ఆ శిలీంధ్రానికీ వాటా ఉంది మరి. చివరికి విషం తయారుచేయని శిలీంధ్రాన్ని చేర్చిన రకాలు 2000 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చాయి.

ఫెస్క్యూ చల్లని దేశాల గడ్డి. సి3 పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుకుంటుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే దుర్గ్ జిల్లా మైదానంలో అది బతకదు. మనకు కావలసినవి ఎండలో చురుకుగా పెరిగే సి4 గడ్డిజాతులు. అయితే పైన చెప్పిన ప్రశ్న వీటికీ వర్తిస్తుంది. బాగా పెరిగే గడ్డి పశువుకు ఏమిస్తోంది? నీటి ఎద్దడికి గురైన లేత జొన్నలో ధూరిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలితే దాని నుంచి సయనైడ్ విడుదలై ప్రాణం తీస్తుంది. నేపియర్ గడ్డిలో ఆక్సలేట్లు కాల్షియంను పట్టివేస్తాయి. హైదరాబాదు దిగువన మూసీ వెంట మురుగునీటితో పారా గడ్డిని ఏళ్ల తరబడి సాగు చేశారు. అటువంటి గడ్డిలో నైట్రేట్లు, భారలోహాలు ఎంత ఉన్నాయో పరీక్షించి తీరాలి. భిలాయి వంటి పారిశ్రామిక పట్టణంలో కాలువ నీరు వాడే పాడిరైతు కూడా ఈ జాగ్రత్త పాటించాలి.

ఇక నేల సంగతి. ఛత్తీస్‌గఢ్ రైతులు నేలలను భాటా, మటాసి, డోర్సా, కన్హార్ అని పిలుస్తారు. భాటా అంటే నీరు నిలవని ఎర్రని గరుసు నేల. ఇక్కడ నేపియర్ వేయడం డబ్బు వృథా. స్టైలో అనే పప్పుజాతి మొక్కను అంజన్ గడ్డితో కలిపి వేసుకోవచ్చు. స్టైలో వేర్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థాపిస్తుంది. దాని గింజ పెంకు గట్టిది కనుక 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి చల్లాలి. నల్లని కన్హార్ నేలలో బోరునీరు ఉండి, మురుగు పోయే ఏర్పాటు ఉంటే సంకర నేపియర్ మేలు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో రూపొందిన ఏపీబీఎన్-1 అటువంటిదే. సజ్జకూ నేపియర్‌కూ పుట్టిన ఈ సంకరానికి మొలకెత్తే విత్తనం రాదు, కాండపు ముక్కలే నాటాలి. నీరు నిలిచే పల్లానికి పారా గడ్డి.

ఏది నాటినా మొదటి ఏడాది పశువులను అందులోకి వదలకూడదు. వరికోత అయ్యాక పశువులను ఊరంతటా విడిచిపెట్టే అలవాటున్న చోట ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. విత్తే కాలంలో పశువులను కట్టివేసే 'రోకా-ఛేకా' అనే ఆచారం అక్కడ పూర్వం నుంచీ ఉంది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం దాన్నే కార్యక్రమంగా చేపట్టింది. ఆ కట్టుబాటు లేకపోతే ఎంత మంచి విత్తనమైనా మొలక దశలోనే పోతుంది.

ఎండుగడ్డిగా దాచేందుకు నేపియర్ అంత అనువు కాదు. దాని లావు కాడలు త్వరగా ఎండవు. సన్నకాడల అంజన్ గడ్డి, చలికాలపు ఓట్లు నయం. పూత మొదలయ్యే దశలో కోయాలి, ముదిరితే మాంసకృత్తులు తగ్గి పీచు పెరుగుతుంది. నిల్వ చేసేటప్పుడు తేమ 15 శాతం దాటితే బూజు పడుతుంది.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. పచ్చిగడ్డిలో 80 శాతం నీరుందనుకుందాం. 100 కిలోలు కోస్తే పొడి పదార్థం 20 కిలోలు. 15 శాతం తేమతో నిల్వ చేస్తే 20ని 0.85తో భాగించాలి. వచ్చేది సుమారు 23.5 కిలోలు. 200 కిలోల బరువుండే చిన్న నాటు ఆవుకు రోజుకు బరువులో రెండున్నర శాతం, అంటే 5 కిలోల పొడి పదార్థం కావాలి. మార్చి నుంచి జూన్ దాకా 120 రోజులకు ఒక ఆవుకు ఎంత పచ్చిగడ్డి కోసి ఎండబెట్టాలో మీరే లెక్కించండి.