డీసెలు బండి – నీటిపంపు

(సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మనము ఏటేట కవిత్వమును గూర్చి, నాటకమును గూర్చి, సంగీతమును గూర్చి వినుచున్నాము. ఈ పర్యాయము ఇంటింటికి పనికివచ్చు విషయముపై ఒక ప్రసంగము ఉండవలెనని కార్యదర్శిగారు తలచి, ఆ భారమును నాపై ఉంచిరి. నేను చదివినది సాహిత్యము. చేయునది సచివాలయములో దస్త్రముల పని. అట్టివాడు డీసెలు పికప్ బండి నీటిపంపును గూర్చి మాట్లాడబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ సభలోని కుటుంబములలో ఎన్నింటికో బండితో సంబంధమున్నది. మన తమ్ములును, మేనల్లుళ్లును కొందరు బ్యాంకు అప్పుపై పికప్ బండి కొని దానిపైననే సంసారము నడుపుచున్నారు. యానాము నుండి వచ్చి ఈ పుదుచ్చేరి పట్టణమున స్థిరపడినవారు, ఒకే పరిపాలన క్రింద ఉన్నను 800 కిలోమీటర్లకు పైగా దూరమున ఉన్న తమ ఊరికి, పెండ్లి సామానులతోనో ఇల్లు మారు సామానులతోనో బండి మాట్లాడుకొని పోవుచుందురు. అట్టి బండి నడిరోడ్డున ఆవిరి క్రక్కుచు నిలిచిపోయినచో కలుగు నష్టము ఒక్క డ్రైవరుది కాదు.

నేను చెప్పదలచిన మాట ఒక్కటే. నీటిపంపు సాధారణముగా చెప్పకుండ చెడిపోదు. ముందుగా హెచ్చరించియే చెడిపోవును. ఆ హెచ్చరికను లక్ష్యపెట్టక, దినదినము రేడియేటరులో నీరు పోసి ఊరకుండుటయే అసలు ప్రమాదము.

ఇంజనుకు నీరెందుకను ప్రశ్నకు మొదట సమాధానము చెప్పుకొందము. రుడాల్ఫ్ డీసెల్ అను జర్మను ఇంజనీరు నిర్మించిన ఇంజనును 1897లో ఆగ్స్‌బర్గు నగరమున పరీక్షింపగా, అది చమురులోని శక్తిలో నూటికి సుమారు 26 వంతులను పనిగా మార్చినది. ఆనాటికి అది అద్భుతము. నేటి మంచి డీసెలు ఇంజను అనుకూల పరిస్థితులలో 40 వంతుల వరకు సాధింపగలదు. తక్కినదంతయు వేడియే. అందు కొంత పొగగొట్టము వెంట పోవును. కొంత ఇంజను గోడలకు పట్టును. గోడలకు పట్టిన ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసికొనిపోవునది నీరు. ఇంజను చుట్టు తిరిగి వేడెక్కిన నీరు రేడియేటరునకు పోయి, అచ్చట గాలికి చల్లబడి, మరల ఇంజనునకు వచ్చును. ఈ ప్రదక్షిణము ఒక్క నిమిషము ఆగినను చిక్కే.

తొలినాటి మోటారులలో కొన్నింటికి ఈ పంపు లేకుండెను. 1908లో వచ్చిన ఫోర్డు కంపెనీ మోడల్ టి కారులలో మొదటి 2,500 బండ్లకు మాత్రమే పంపు ఉండెను. తరువాత దానిని తొలగించి, వేడినీరు తేలికయై పైకి లేచును, చల్లనినీరు బరువై క్రిందికి దిగును అను ప్రకృతి సూత్రముపైననే ఆ బండ్లను నడిపిరి. చిన్న ఇంజనుకు అది చాలినది. నేడు టన్నుకు పైబడిన బరువు మోయు డీసెలు పికప్‌లకు ఆ నెమ్మది చాలదు. నీటిని బలవంతముగ త్రిప్పవలెను. ఆ పనికే పంపు.

పంపు చూచుటకు చిన్న వస్తువు. ఇనుముతోనో అల్యూమినియముతోనో పోసిన ఒక బాడీ, అందు ఒక షాఫ్టు, షాఫ్టునకు లోపలి కొసను రెక్కల చక్రము, వెలుపలి కొసను బెల్టుతో తిరుగు పుల్లీ, నడుమ బేరింగు, నీరు బేరింగులోనికి చొరకుండ ఒక సీలు. పంపు అడుగున ఒక సన్నని రంధ్రము కూడ కలదు. దానిని చూచి తయారీలో జరిగిన లోపమని భ్రమపడి, ఎం-సీల్ పెట్టి మూసినవారిని నేనెరుగుదును. అది లోపము కాదు. సీలు అరిగినచో నీరు బేరింగును పాడుచేయక ముందే బయటికి కారి, యజమానికి తెలియవలెనని కావలెననియే ఉంచిన రంధ్రమది. దానిని మూయుట తలుపు తట్టుచున్నవానికి గడియ వేయుట వంటిది.

మన పట్టణమునకు సంబంధించిన విశేషమొకటి ఇచ్చట చెప్పవలెను. పుదుచ్చేరి తీరమున భూగర్భజలములోనికి సముద్రపు ఉప్పు చొచ్చుకొని వచ్చుచున్న సంగతి అందరెరిగినదే. బోరునీటితో కాచిన గిన్నెలో తెల్లని పొర కట్టుటను మన స్త్రీలు ప్రతిదినము చూచుచున్నారు. ఆ నీటినే రేడియేటరులో పోసినచో ఆ పొరయే ఇంజను లోపల కట్టును. ఉప్పు ఇనుమును తినును. త్రుప్పు రజను నీటితో కలిసి తిరుగుచు సీలును ఒరసి అరగదీయును. కావుననే శుద్ధజలమును, కూలెంటును సగము సగముగ కలిపి పోయవలెనని చెప్పుదురు. మనకు మంచు భయము లేకున్నను, త్రుప్పు భయము మాత్రము నిండుగ నున్నది.

ఇక నేను కన్నులార చూచిన యొక ఉదాహరణము. నా పరిచితుడొకడు, యానామువాడు, గూబేర్ మార్కెట్టునకు కూరగాయలు తోలు పికప్ యజమాని. విళుప్పురము రోడ్డున బరువుతో వచ్చునపుడు వేడిముల్లు పైకి లేచుచున్నదనియు, పట్టణములో మెల్లగ తిరుగునపుడు సరిగనే ఉండుచున్నదనియు చెప్పెను. ప్రతి ఉదయము ఒక సీసాడు నీరు పోయుచుండెను. "నీళ్లు పోస్తే తిరుగుతోంది గదండీ బాబుగారూ, వచ్చే వారం యానాం వెళ్లొచ్చాక చూపిద్దామనుకుంటున్నానండీ" అని అతని సమాధానము. చెల్లెలి పెండ్లి సామానుతో ఆ ప్రయాణము. బండిపై ఇంకను రెండేండ్ల వాయిదాలు కట్టవలసియున్నవి. ఒక షాపువారు థర్మోస్టాటు తీసివేయుమనిరి. మరియొకరు రేడియేటరు మార్చవలెననిరి. ఇరువురును బండి బానెట్టు ఎత్తి చూచినది అర నిమిషమైనను లేదు.

మేట్టుపాళయము వైపున్న ఒక వృద్ధ మేస్త్రివద్దకు అతనితో కూడ నేనును పోతిని. ఆయన పనిముట్టు పట్టకముందు పావుగంట ప్రశ్నలడిగెను. ఎన్ని దినముల నుండి? దినమునకెంత నీరు తగ్గుచున్నది? నిలిచియున్నపుడు వేడెక్కునా, పరుగులోనా? ఏ నీరు పోయుచున్నావు? మా కార్యాలయమున ఒక దస్త్రముపై ఉత్తర్వు వ్రాయుటకు ముందు పూర్వోత్తరములు చూడుమని క్రొత్తగా చేరినవారికి బోధింతుము. ఆ మేస్త్రి చేసినదియు అదియే.

ఆయన విచారణ క్రమమును మీకు సంగ్రహముగ చెప్పెదను. బండి నిలిచియున్నపుడు వేడెక్కి, పరుగెత్తునపుడు చల్లబడినచో లోపము సాధారణముగా ఫ్యానులో ఉండును. పరుగులో తగులు గాలి ఫ్యాను పని చేయుచున్నదన్నమాట. పరుగులోను, బరువులోను వేడెక్కినచో నీటి తిరుగుడులో లోపము: పంపో, థర్మోస్టాటో, పూడిన రేడియేటరో. నూనె పాలవలె తెల్లబడినను, రేడియేటరులో ఎడతెగక బుడగలు లేచినను హెడ్ గాస్కెట్టు పోయినదేమోనని అనుమానింపవలెను. ఈ బండిలో ఆ రెండు చిహ్నములును లేవు. పిదప ఆయన చల్లని ఇంజనుపై ఫ్యానును రెండు చేతులతో పట్టి ముందు వెనుకలకు ఊపెను, షాఫ్టు కదలినది. మంచి పంపు షాఫ్టు అట్లు కదలరాదు. పంపు అడుగున కూలెంటు ఎండిన పచ్చని చారయు కనబడెను. రాత్రి బండి క్రింద ఒక తెల్లని అట్ట పరచి, తెల్లవారి దానిపై మరక చూచినచో ఎవరికైనను ఈ సంగతి తెలియునని ఆయన చెప్పెను.

ఒక హెచ్చరిక ఈ సందర్భమున మరువరాదు. వేడి ఇంజనుపై రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. ఆ మూత లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచును. వాతావరణపు ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడిలో నీరు 120 డిగ్రీల వరకు మరగదు. మూత తీసిన క్షణమున ఆ ఒత్తిడి పోయి, మరగు నీరు ఆవిరితో కూడ ఒక్కుమ్మడిగ ముఖముపైకి ఎగయును. చేయి పెట్టి పట్టుకొనగలంతగా చల్లారు వరకు ఓపిక పట్టవలెను.

పంపు మార్చుట ఒక పూట పని. మొదట బ్యాటరీ నెగటివు తీగ విప్పెను. కూలెంటును ఒక తొట్టిలోనికి దింపెను. అది విషము, తియ్యగ నుండుటచే కుక్కలు త్రాగును, పిల్లలున్న చోట నేలపై వదలరాదు. పిదప ఫ్యాను, బెల్టు, పుల్లీ, హోసు పైపులు వరుసగ తీసెను. పంపు బోల్టులన్నియు ఒకే పొడవు కావు. ఆయన అట్టముక్కపై పంపు బొమ్మ గీసి, ఏ చోటి బోల్టును ఆ చోటనే గ్రుచ్చి ఉంచెను. పాత పంపు బయటికి రాగా లోపలి రెక్కలు త్రుప్పుతో తినబడి సగమైయున్నవి. ఒకవైపు కారుచుండ, మరియొకవైపు ఆ కొద్ది రెక్కలతో నీరు తిరుగక, బరువులో బండి వేడెక్కుచుండెను. రేడియేటరు మార్చియున్నచో ధనము పోయెడిది, రోగము మిగిలెడిది. థర్మోస్టాటు తీసియున్నచో ఇంజను చల్లగ నడచి అరిగెడిది. రెక్కలు మాత్రము తిరిగి మొలచెడివి కావు.

పాత గాస్కెట్టు పీచును లోహము గీరుకొనకుండ తుడిచి, క్రొత్త గాస్కెట్టు వేసి, బోల్టులను ఎదురెదురుగ కొంచెము కొంచెము బిగించెను. జిగురు ఎక్కువ పూసినచో అది లోపల ఊడి నీటిదారులను మూయునని వారించెను. లోపల నీరు ఎర్రగ నున్నందున ముందుగ కడిగించెను. పాత బెల్టునకు పగుళ్లుండుటచే దానిని మార్చెను. బెల్టు బిగువు మితముగ నుండవలెను; వదులైనచో జారును, మిక్కిలి బిగిసినచో క్రొత్త బేరింగునే తినును. కొన్ని ఇంజనులలో పంపును టైమింగు బెల్టు త్రిప్పును. అట్టి వానిలో రెండును ఒకేసారి మార్చుట మేలు. తుదకు కూలెంటు నింపి, మూత తీసియుంచియే ఇంజను నడిపి, లోపలి గాలి బుడగలు పోవువరకు నిలిచి, మట్టము సరిచేసెను. మరునాడు చల్లని ఇంజనుపై ఒకసారియు, నూరు కిలోమీటర్లు నడచిన పిమ్మట మరియొకసారియు చూచుకొమ్మనెను.

ఆ బండి మరుసటి వారము నిండు బరువుతో యానాము పోయి క్షేమముగ తిరిగి వచ్చినది. ఆ పాత పంపుతోనే బయలుదేరియున్నచో, నెల్లూరు దాటిన పిదప మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇంజను హెడ్డు వంగియుండెడిది. దాని మరమ్మతు ఖర్చు పంపు వెలకు పలు రెట్లు. ఆ నెల వాయిదా, పెండ్లి పందిరి రెండును ఆ ఖర్చునకు తలలు వంచవలసి వచ్చెడిది.

సోదరులారా, ఇంటిలో బండి ఉన్నవారు చేయదగినది స్వల్పము. వారమునకొకసారి, చల్లని ఇంజనుపై, కూలెంటు మట్టము చూడుడు. అది తగ్గినచో నింపుడు. కాని నింపి మరువకుడు, ఎచ్చటికి పోయినదని అడుగుడు. సోదరీమణులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. బిందెలో నీరు తగ్గినచో వారు నీరు పోయుటకు ముందు బిందె అడుగు తడిమి చూతురు. ఆ అలవాటే బండికిని చాలును.