పెద్దప్రేగు పుండ్లు - నేటి శస్త్రచికిత్స

దినమునకు పదిమారులు విరేచనము, అందు నెత్తురు, జిగట, కడుపునొప్పి - ఈ బాధ వారముల తరబడి వీడకున్నచో దానిని అజీర్తియని ఉపేక్షింపరాదు. అది పెద్దప్రేగు లోపొరపై పుండ్లు పడు అల్సరేటివ్ కొలైటిస్ కావచ్చును. పెక్కుమందికి మందులతోనే ఇది అదుపులో నుండును. మందులకు లొంగనపుడును, ప్రేగు ఉబ్బి చిల్లిపడు ప్రమాదమున్నపుడును, చిరకాల వ్యాధివలన క్యాన్సరు తలయెత్తినపుడును ఆ ప్రేగును తొలగింపవలసి వచ్చును.

పెద్దప్రేగు లేక మనుష్యుడు బ్రతుకునా? బ్రతుకును. ఆహారసారము రక్తమున చేరుట చాలవరకు చిన్నప్రేగులోనే జరుగును. పెద్దప్రేగు ముఖ్యముగా నీటిని, ఉప్పును పీల్చి మలమును గట్టిపరచును. చిక్కంతయు మలము వెడలు మార్గమును గూర్చినదే. పూర్వము చిన్నప్రేగు కొసను పొట్టగోడకు తెచ్చి, పైన సంచి కట్టుకొనుటయే గతి. 1952లో ఇంగ్లండు వైద్యుడు బ్రయన్ బ్రూక్ ఆ పద్ధతిని మెరుగుపరచెను. నేటికిని కొందరికి అదియే మేలు.

1978లో లండనులోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు సర్ అలన్ పార్క్స్, జాన్ నికల్స్ వేరొక మార్గము చూపిరి. చిన్నప్రేగు కొసనే మడిచి, లోపలనే సంచిగా కుట్టి, గుదమునకు అతికిరి. 1980లో జపాను వైద్యుడు ఉత్సునోమియా దానిని ఆంగ్లాక్షరము 'జె' ఆకారమున సులభతరము గావించెను. బిగింపు కండరములను కాపాడుటచే రోగి సహజమార్గముననే విసర్జింపగలడు.

1990 తరువాత ఈ శస్త్రచికిత్సను పొట్టను పొడవుగా కోయకయే చేయుట ఆరంభమైనది. చిన్న రంధ్రములగుండ వాయువు నింపి, కెమెరా గొట్టమును, సన్నని పనిముట్లను పంపుదురు. తీసిన ప్రేగును వెలికి తెచ్చుటకు కొద్దిపాటి కోత చాలును. నొప్పి తగ్గును, లోపలి అవయవములు ఒకదానికొకటి అంటుకొనుటయు తగ్గును. ఆ అంటుకొనుటవలన స్త్రీల సంతానయోగ్యతకు కలుగు నష్టము ఈ పద్ధతిలో తక్కువని తెలియవచ్చినది.

అయినను ఇది ఒక్కనాటి పని కాదు. రెండు మూడు దశలు పట్టును. నడుమ కొన్ని నెలలు పొట్టపై తాత్కాలికముగా సంచి ఉండును. పిమ్మట దినమునకు అయిదారుమారులు విరేచనమగుట సామాన్యము. లోపలి సంచికి వాపు వచ్చుటయు కలదు, దానికి మందులున్నవి.

మేము కోరునది ఒక్కటే. సంచి యను భయముచే రోగి క్షీణించువరకు కాలము గడుపవద్దు. బలముండగనే వైద్యునితోను, సంతానము కోరు యువతులైనచో భర్తతోను కలిసి, ఏ దారి తమకు తగునో నిర్ణయించుకొనుడు.