తట్టు టీకా రెండోసారి ఎందుకు?

"తొమ్మిదో నెలలో తట్టు టీకా వేయించాం కదమ్మా, ఏడాదిన్నరకు మళ్లీ ఎందుకు?" బుధ, శనివారాల్లో టీకాలు వేసే ఏఎన్ఎంలను తల్లులు తరచూ అడిగే మాట ఇది. అడగదగ్గదే.

కడుపులో ఉండగానే బిడ్డకు తల్లి నుంచి యాంటీబాడీలు అందుతాయి. తొలి నెలల్లో కాపాడేవి అవే. తొమ్మిదో నెలకు అవి ఇంకా కాస్త మిగిలి ఉంటే, టీకాలోని బలహీనపరచిన వైరస్‌ను పని చేయనివ్వవు. అందుకే ఆ వయసులో మొదటి డోసు నూటికి సుమారు 85 మందికే పని చేస్తుంది. మిగతావాళ్లెవరో బిడ్డను చూసి చెప్పలేం. వాళ్లను వదిలిపెట్టకుండా 16 నుంచి 24 నెలల మధ్య అందరికీ మళ్లీ వేస్తారు.

ఒకసారి తట్టు వచ్చిపోతే దాని రక్షణ మాత్రం గట్టిది. 1846లో ఫారో దీవుల్లో తట్టు చెలరేగింది. 1781లో అది సోకిన ముసలివాళ్లకు ఎవరికీ మళ్లీ రాలేదని డెన్మార్క్ వైద్యుడు పానమ్ గమనించాడు. 65 ఏళ్ల తర్వాత కూడా!

ఫ్లూ అలా కాదు. ఆ వైరస్ రూపు మార్చుకుంటూనే ఉంటుంది, టీకా బలమూ నెలల్లోనే తగ్గుతుంది. అందుకే ఏటా సూది.

ఇక రేబిస్. టీకా కోర్సు పూర్తిచేసినవారిని మళ్లీ కుక్క కరిస్తే "పాత సూదులున్నాయిలే" అని ఊరుకోకూడదు. గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. సాధారణంగా ఆ రోజు ఒకటి, మూడు రోజులకు మరొకటి వేస్తారు.

తట్టు రెండో డోసు తప్పిపోయిందా? ఐదేళ్లలోపు ఎప్పుడైనా వేయించవచ్చు. కార్డు పోయి, వేయించారో లేదో గుర్తులేకపోయినా ఏఎన్ఎంను అడగండి. అదనంగా ఒక డోసు పడినా బిడ్డకు హాని లేదు.