“నాకు తెలియదు, చెప్పమ్మా”
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నేను ఇంజనీరుని. ఇరవై ఏళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాను. ఈ రోజు మా అమ్మాయి చదువు గురించి రెండు మాటలు చెబుతాను.

అక్కడ మన ఇంటర్‌లాంటి చదువు అయ్యాక, తను ఆస్టియోపతి చదువుతానంది. వెన్ను, కీళ్లు, కండరాల నొప్పులకు చేతులతో చేసే చికిత్స అది. “పుత్తూరు కట్టు నేర్చుకోవడానికి లండన్‌లో అంత ఫీజు కట్టాలా?” అని మాట తూలాను. ఏడాదిపాటు తను నాతో ముభావంగానే ఉంది.

తర్వాత ఒక్కొక్కటే తెలిసింది. 1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు అక్కడ ఆ డిగ్రీ ఉన్నవాళ్లు మందులు రాసే, ఆపరేషన్లు చేసే పూర్తిస్థాయి డాక్టర్లు. బ్రిటన్‌లో ఇది వేరే వృత్తి. 1993 నాటి చట్టం ప్రకారం జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్‌లో పేరు నమోదు కానివాళ్లు ఆస్టియోపాత్‌నని చెప్పుకోవడమే నేరం. నమోదు కావాలంటే కౌన్సిల్ గుర్తించిన డిగ్రీ ఉండాలి. అది సాధారణంగా నాలుగైదేళ్ల చదువు. శరీర నిర్మాణం, వ్యాధుల లక్షణాలు చదవాలి. విద్యార్థులు ఒకరి వెన్ను మీద ఒకరు సాధన చేయాలి. అధ్యాపకుల పర్యవేక్షణలో దాదాపు వెయ్యి గంటలు రోగులను చూడాలి.

చివరి ఏడాది ఓ సాయంత్రం ఫోన్ చేసింది. “నాన్నా, నడుంనొప్పని ఒకాయన వచ్చారు. తొడల మధ్య స్పర్శ తెలియడం లేదట, మూత్రం మీద అదుపు తప్పుతోందట. చికిత్స మొదలుపెట్టకుండా మా సార్‌ని పిలిచాను. వెంటనే ఎమర్జెన్సీకి పంపించాం.”

“మరి నువ్వేం వైద్యం చేసినట్టు?” అన్నాను.

“అదే నాన్నా, నేను చేసింది” అంది.

నాకు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. రాని లెక్కకు పక్కవాడి జవాబు దించేశాను. మాస్టారు సున్నా వేసి, “రాదని రాసుంటే రేపు నేర్పేవాణ్ణి కదరా” అన్నారు. ఉద్యోగంలో ప్రతి డ్రాయింగు మీద సంతకం పెట్టేముందు ఆ మాట తలుచుకున్నాను. కూతురి దగ్గరే మరిచిపోయాను. తెలియని చదువుకు తీర్పు చెప్పేశాను.

ఇప్పుడు తన పేరు కౌన్సిల్ జాబితాలో ఉంది. అది నిలబెట్టుకోవడానికి మూడేళ్లకోసారి తొంభై గంటల అదనపు శిక్షణ చూపించాలి. నేను క్షమించమని అడిగాను. నవ్వేసింది.

మీ పిల్లలు మీరెప్పుడూ వినని చదువు పేరు చెబితే, ముందు “నాకు తెలియదు, చెప్పమ్మా” అనండి. మన మాస్టారు మనకు నేర్పింది అదే.

సెలవు.